సిలబస్‌లో లేని పాఠం

సఫియా కడప నుంచి మస్కట్ వచ్చి కంప్యూటర్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు. 1997 మార్చిలో, అక్కడి ఖురుం ప్రాంతంలోని కాలేజీలో మూడో సంవత్సరం వాళ్లకి ఆమె ఒక పని అప్పజెప్పింది. లైబ్రరీ పుస్తకాల జాబితాకి ప్రోగ్రాం రాయాలి, దానికి పాస్‌వర్డ్ పెట్టాలి. తర్వాత దాన్ని పక్కవాళ్లకిచ్చి, "కనుక్కో చూద్దాం" అనాలి.

నాదియా పాస్‌వర్డ్ పావుగంటలో దొరికిపోయింది. మామూలు ఫైల్లో, ఎవరైనా చదివేలా పడి ఉంది. క్లాసంతా నవ్వింది. సముద్రపు ఒడ్డునున్న ఖబూరాలో చేపలు పట్టే ఇంటినుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఆ ఒమానీ అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. పట్టుబట్టి వారంలో మళ్లీ రాసింది.

ఆ తర్వాత ఒకరోజు ల్యాబ్‌లో కాలేజీ మార్కుల ప్రోగ్రాం ఆమె కంటబడింది. అందులోనూ అదే తప్పు. ఆ పాస్‌వర్డ్‌తో ఎవరి మార్కులైనా మార్చేయొచ్చు. ఆమె ఏదీ ముట్టుకోలేదు. ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి సఫియా చేతికిచ్చింది.

సఫియా దాన్ని డిపార్ట్‌మెంట్ హెడ్ లింబాద్రికి చూపించింది. నిజామాబాద్ మనిషి. ఆ ప్రోగ్రాం రాసింది ఆయనే. చదువుతుండగానే మొహం మాడిపోయింది.

"మీరు పిల్లలకు దొంగతనం నేర్పుతున్నరు మేడం. ఇది సిలబస్‌ల ఉన్నదా?"

"తలుపు తీసుండాదని చెప్పిన పిల్ల దొంగ ఎట్లయితాది సార్?"

మర్నాడు ఆయన ఒక ఉత్తరం టైపు చేయించి తెచ్చాడు. నాదియా టీచర్ల మాట మీరి మార్కుల ప్రోగ్రాంలోకి చొరబడిందనీ, కాలేజీ నుంచి తీసేయాలనీ అందులో ఉంది. కింద సఫియా పేరు.

"సంతకం వెట్టుండ్రి. మీ కాంట్రాక్టు జూన్‌ల అయిపోతది, యాదున్నది గదా."

సఫియా వీసా కాలేజీ ఇప్పించిందే. ఉద్యోగం పోతే సామాను సర్దుకుని దేశం వదలాల్సిందే. అయినా కలం తీసింది. ఉత్తరమంతా అడ్డంగా కొట్టేసి కింద రాసింది: "ఈ పాఠం చెప్పింది నేను. శిక్ష వేయాలంటే నాకు వేయండి."

లింబాద్రి ఫిర్యాదు మీద బుధవారం విచారణ కమిటీ కూర్చుంది. ఆ అమ్మాయి ఏం చేసిందో చెప్పమని రిజిస్ట్రార్ అడిగాడు. సఫియా చెప్పలేదు, ఆయన్నే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. ఉత్తరాలు టైపు చేయడం తప్ప ఇంకేమీ తెలియని మనిషి ఆయన. ఆమె చెప్పిన రెండు మాటలు కొట్టాడు. పాస్‌వర్డ్ తెర మీదికొచ్చింది. లింబాద్రి కిటికీ వైపు తిరిగాడు.

నాదియాను వదిలేశారు. సఫియాకు మాత్రం, ఇకమీదట సిలబస్‌లో లేనిది చెప్పకూడదని హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు.

శనివారం డేటాబేస్ క్లాసు. ఆమె బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది: "దీన్ని ఎవరు చదవగలరు? ఎవరు మార్చగలరు?" అంతలో లింబాద్రి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"మల్ల గదేనా మేడం? ఉత్తరం అందలేదా?"

"అందింది సార్. సిలబస్‌లో డేటాబేస్ అని ఉండాది గదా. కాపాడుకునేది చెప్పకుంటే సగం పాఠమే అయితాది. సగం పాఠం చెప్పేదానికి నేను రాలేదు."

పిల్లలకు తెలుగు రాకపోయినా గొంతులు అర్థమయ్యాయి. లింబాద్రి బోర్డు మీద రాసింది చదివి వెళ్లిపోయాడు. ఆ రోజునుంచి నెట్‌వర్క్ క్లాసయినా, ప్రోగ్రామింగ్ క్లాసయినా సఫియా ముందు ఆ రెండు ప్రశ్నలే వేసేది.

కాంట్రాక్టు పొడిగించడం లేదని మే నెలలో తేలిపోయింది. కబురు తెలిసిన రోజు కూడా ఆమె క్లాసు మానలేదు. ఆఖరి పరీక్షకు పేపరు తనే తయారుచేసి, ప్రతి ప్రశ్న కిందా ఒక వాక్యం చేర్చింది: "మీరు రాసినదాన్ని ఎలా చెడగొట్టవచ్చో, ఎలా ఆపుతారో రాయండి."

లింబాద్రి ఆ పేపరు రెండుసార్లు చదివాడు.

"ఇది తియ్యమంటె తీస్తరా?"

"తీయను సార్."

ఆయన ఒక్క అక్షరం మార్చకుండా పేపరును అచ్చుకు పంపాడు.