తలలో కవచం, చెట్టుకు మూట

జవళగిరి అడవి అంచున జయరామప్ప రాగి చేనుకు కావలి కాస్తుంటే ఏనుగు వచ్చి మంచెను లాగి పడేసింది. పైనుంచి పడ్డ అతని తల పగిలింది. హోసూరు ఆస్పత్రిలో తలకు ఎడమ పక్కన అరచేయంత ఎముకను కోసి తీశారు. వాపు తగ్గాక మళ్ళీ పెడతామని దాన్ని చలిపెట్టెలో దాచారు. ఆ రోజు అతని భార్య చిక్కమ్మ ఆస్పత్రి మెట్ల మీదే చేతులెత్తి, "తిమ్మరాయసామీ, నా మొగుణ్ని ఏమీ తక్కువ గాకుండా, పూర్తిగా ఇంటికి పంపు" అని మొక్కుకుంది.

నాలుగు నెలల తరువాత చూస్తే ఎముక చెడిపోయింది. దాని చోట టైటానియం చిప్ప పెట్టి పైన చర్మం కుట్టారు.

"ఇది కవచమమ్మా," అన్నాడు నర్సు సెల్వం. "ఎముక కన్నా గట్టి. ఇంక భయం లేదు."

"మరి ఆ ఎముక యాడుంది?"

"అది పారేసేదే."

చిక్కమ్మ తన మొక్కు తలుచుకుంది. పూర్తిగా పంపమని అడిగింది తనే కదా. బతిమాలి, సంతకం పెట్టి, ఎముకను డబ్బాలో తెచ్చుకుంది.

ఇంటి ముందు ఆటో దిగాక గుర్తొచ్చింది. పోయినవాళ్ళ ఎముకలు గడప దాటకూడదు. అత్త పోయినప్పుడు ఏట్లో కలిపేదాకా ఆమె ఎముకలను వాకిట్లో కానుగ చెట్టుకే కట్టారు. కానీ ఈ ఎముక గల మనిషి తన భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమీ తోచక, పసుపు గుడ్డలో మూట కట్టి అదే చెట్టు కొమ్మకు వేలాడదీసింది.

జయరామప్ప గడప దాకా వచ్చి ఆగాడు. వెనక్కి తిరిగి చెట్టు కింద కూర్చున్నాడు.

"లోపలికి రాండి."

"నేను ఈడనే ఉండాను కదా. ఇంగ ఎవుర్ని రమ్మంటావు?"

అతని అన్న గోపాలప్ప వచ్చి నవ్వించబోయాడు. "ఏమిరా, ఇప్పుడు ఏనుగు గుద్దినా టంగుమంటుందే గానీ నీకేం కాదు. లేచి రా!"

జయరామప్ప నవ్వలేదు. "కవచం బాగానే ఉందన్నా. లోపలికి దేన్నీ రానీదు. నేను బయట ఉండంగానే మూసేసినారు."

నాలుగు రోజులు అక్కడే తిండి, అక్కడే పడక. మూట వైపు చూస్తూ మెల్లగా మాట్లాడేవాడు.

"అమ్మా," అంది కూతురు కావ్యశ్రీ, "నాయన మాటల నడమ ఆగతాడు. ఎవురో జవాబు చెప్తా ఉంటే విన్నట్టు."

ఎముకను ఏం చేయాలని చిక్కమ్మ గుడికి పోయి పూజారి చెన్నకేశవులును అడిగింది.

"ఏట్లో కలిపితే బతికుండంగానే కర్మ చేసినట్టమ్మా. ఇంట్లోకి తెస్తే మైల."

"మైల చావుకు కదా సామీ. ఆయన చావలేదే?"

పూజారి హారతి పళ్ళెం తుడిచి పక్కన పెట్టాడు. "నాకు తెలీదమ్మా," అన్నాడు.

ఐదో రోజు దీపాలు పెట్టే వేళకు వాన మబ్బు కమ్మింది. ఆయన్ను లేపుదామని చిక్కమ్మ తల మీద చెయ్యి వేసింది. కుట్టిన చోట చల్లగా ఉంది, కడిగి బోర్లించిన చెంబులాగా. కొమ్మ మీది మూటను తాకింది. పగలంతా ఎండకు కాగిందేమో, వెచ్చగా ఉంది. ఎండకే అని తనకు తాను చెప్పుకుంది.

మూట విప్పి ఎముకను పసుపు నీళ్ళతో కడిగింది. తప్పయితే నన్నే అడుగు సామీ అనుకుని, కొత్త కోడలిలా కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. దేవుడి గూటి పక్కన దాన్ని పెట్టి దీపం వెలిగించింది.

వెనక అడుగుల చప్పుడు. జయరామప్ప లోపలికి వచ్చి తన పాత చోట గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

చిక్కమ్మ కళ్ళు తుడుచుకుని, వేడి రాగి ముద్ద కంచంలో పెట్టి తెచ్చింది. అతను కంచాన్ని చూశాడు, గూటి వైపు చూశాడు.

"ఇద్దురికీ ఒక ముద్దేనా?"

ఆమె కూడా గూటి వైపు చూసింది. పూర్తిగా అని అడిగావు కదా, అని ఎవరో అన్నట్టయింది. ఈ ఇద్దరిలో తను మొక్కుకున్నది ఎవరి కోసమో దేవుణ్ని అడగాలనిపించింది, అడగలేదు.

లేచి వెళ్ళి ఇంకో కంచం కడిగింది.