ఉరుము గారి మూడో టేకు

డ్రమ్స్ వాయించేవాళ్లలో అతనికి ఉరుము అని పేరు. మెచ్చుకుని పెట్టారో, చెవులు చిల్లులు పడి పెట్టారో అతనెప్పుడూ ఆరా తీయలేదు. ఇరవై ఏళ్లు వేదికల మీద చెలరేగిన మనిషి, ఎనిమిది నెలలుగా పిలుపు లేక ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్నాడు.

ఎట్టకేలకు ఒక గాయని పాట ఇచ్చింది. డ్రమ్స్ ఇంట్లోనే రికార్డు చేసి పంపమంది. రెండుసార్లు పంపాడు, రెండుసార్లూ తిప్పి పంపింది.

"పల్లవి ఎత్తుకునే చోట పరుగెడుతున్నారండీ. నాలుగింటికల్లా సరైనది రాకపోతే మెషీన్ డ్రమ్స్ పెట్టేసుకుంటాను. ఏమనుకోకండి" అంది ఫోన్లో.

ఉరుము చాలానే అనుకున్నాడు. తన పొట్ట కొట్టబోయేది సాటి వాద్యకారుడు కూడా కాదు, ఒక పెట్టె. అయినా పరుగేమిటి, తనేమిటి? కంప్యూటరే లెక్క తప్పుతోందని తేల్చేశాడు.

ఆ ఇంట్లో అసలు డ్రమ్స్ మోగించే యోగం లేదు. కింది వాటాలో ఉండే నర్సు రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. అందుకని డ్రమ్ములకి వలలాంటి బట్ట బిగించి, ఒక్కోదానికీ ట్రిగ్గర్ అనే గుండీ అంత వస్తువు తగిలించాడు. కర్ర పడగానే అది అదురును పసిగట్టి, ఏ డ్రమ్ము, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్నది కంప్యూటర్‌కి చేరవేస్తుంది. ఆ చేరవేతనే మిడి అంటారు. మోత సంగతి కంప్యూటర్ చూసుకుంటుంది. హెడ్‌ఫోన్లలో ఉరుముకి పిడుగులు పడతాయి, బయటివాళ్లకి ఒట్టి టపటపలు వినిపిస్తాయి. కాలితో తొక్కే కిక్ అనే పెద్ద డ్రమ్ము అదురుకి మాత్రం నర్సు పైకొచ్చి చేతులు జోడించింది. అప్పటినుంచి పెడల్ మెత్తగా తొక్కుతూ, ఎంత చిన్న అదురునైనా పట్టేలా ఆ ట్రిగ్గర్ సున్నితత్వం పెంచేశాడు.

రెండింటికి మూడో టేకు వాయించి తెర చూసుకున్నాడు. తాళం ఎక్కడుండాలో నిలువు గీతలు చెబుతాయి, దెబ్బ ఎక్కడ పడిందో చుక్కలు చెబుతాయి. పల్లవి దగ్గర అతని చుక్కలన్నీ గీతలకి ముందే ఉన్నాయి. వాటి పక్కనే అతను తొక్కని కిక్ చుక్కలు నాలుగు, సన్నగా, గీతల మీద అచ్చు గుద్దినట్టు ఉన్నాయి.

వైరు మార్చాడు, పోలేదు. పెడల్ ఊడదీసి, రెండు కాళ్లూ పైకెత్తుకుని చేతులతోనే వాయించాడు. పల్లవి రాగానే ఆ నాలుగూ మళ్లీ పడ్డాయి. చిర్రెత్తుకొచ్చి హెడ్‌ఫోన్లు పీకేసి వాయించాడు. పక్క గదిలోంచి నేల మీద దబ్, దబ్ మని వినిపించింది. ఆ అదురునే కిక్ ట్రిగ్గర్ పట్టేస్తోంది.

పక్క గదిలో అత్తగారు దిండు గలీబులకి అంచులు కుడుతోంది. ముప్ఫై ఏళ్లు టైపింగ్ నేర్పిన మనిషి. మడమతో నేల మీద తాళం వేసి పాతికమంది చేత ఒకేసారి అక్షరం కొట్టించేదామె.

"అత్తయ్యగారూ, మీరేమైనా కాలితో కొడుతున్నారా?"

"కొట్టనా మరి? ఆ మలుపు రాగానే బస్సు వెళ్లిపోతున్నట్టు పరుగెడతారు. ఆగుతారేమోనని కొడుతున్నాను."

"పరుగెడుతున్నానని మీకెలా తెలుసు?"

"వినపడుతోందిగా అల్లుడు గారూ. ఇదివరకు ఆ మోతలో ఏదీ తెలిసేది కాదు. ఇంత చప్పుడు చేస్తున్నాడంటే బాగానే వాయిస్తున్నాడు కాబోలు అనుకునేదాన్ని. ఇప్పుడు ఒట్టి టపటపలే కదా, ఏ దెబ్బ ఎక్కడ పడుతోందో తెలిసిపోతోంది."

ఉరుముకి పాత కచేరీలు గుర్తొచ్చాయి. పల్లవి దగ్గర గిటారు వాళ్లు చెమటలు కక్కుతుంటే ఇరవై ఏళ్లూ తన జోరుకే అనుకున్నాడు. పాపం, వాళ్లు అతన్ని అందుకోలేక చచ్చారన్నమాట. అతనికి సిగ్గేసింది. గోడ గడియారం మూడు చూపిస్తోంది, సిగ్గుపడటానికి కూడా తీరిక లేదు.

"మీ కుర్చీ నా గదిలో వేస్తాను. వచ్చి కూర్చుంటారా?"

"కుట్టుకోవచ్చా?"

"కుట్టుకోండి."

"మళ్లీ పరుగెడితే ఆపేసి మొదట్నుంచి కొట్టిస్తాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లెవరికైనా అంతే."

పెడల్ మళ్లీ బిగించి, హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చి, పాటని సన్నగా పెట్టుకుని, మడమ చప్పుడు వింటూ వాయించాడు. ఆరుసార్లు ఆపేసింది. ఒకసారి కత్తెర చూపించింది. ఏడోసారి పల్లవి వచ్చింది, దాటింది, ఆమె తలెత్తలేదు. నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా పంపేశాడు. ఆ హడావిడిలో మడమ చుక్కలు చెరపడం మరిచిపోయాడు.

గాయని ఫోన్ చేసింది. "ఇప్పుడు కుదిరిందండీ. పల్లవి దగ్గర వెనకాల ఇంకో సన్నని కిక్ వేశారు చూడండి, పాటని నిలబెట్టింది అదే. అలాగే ఉంచేస్తున్నాను. ఎవరెవరు వాయించారో రాసి పంపండి, పేర్లు వేయాలి."

'డ్రమ్స్: ఉరుము' అని కొట్టాడు. ఇంక ఎవరూ లేరన్నట్టు పంపేద్దామనే అనుకున్నాడు. అప్పుడు వెనకాల మడమ ఒక్కసారి నేలకి తగిలింది. పంపేటప్పుడు పొరపాటున రికార్డింగ్ మళ్లీ నొక్కేశాడు కాబట్టి, తెర మీద గీత మీదే ఒక చుక్క పడింది.

అతను ఆ చుక్కని కాసేపు చూసి, తన పేరుకి పైన ఇంకో వరుస చేర్చాడు. 'మడమ: మా అత్తగారు.'