వెనక వరస పాట

మా ఊళ్లో ఎవరైనా చనిపోతే శవపెట్టె మూసే ముందు తలకు నూనె పెడతారు. పెట్టేది సారమ్మ అవ్వ, మా నాయనకు అమ్మ. ఆడవాళ్లు చుట్టూ నిలబడి పాత చీరలు తెరలాగా పట్టుకుంటారు. అవ్వ కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని, నెత్తిన అద్దుతూ ఒక పాట ఎత్తుకుంటుంది. తెర బయటున్న ఆడవాళ్లు అందుకుంటారు. ఆ పాటలో చావు గురించి ఒక్క మాట లేదు. యాజకుడూ ప్రవక్తా కలిసి రాజు తలమీద నూనె పోశారనీ, అది చూసి జనమంతా సంతోషించారనీ ఉంటుంది. చనిపోయినవాళ్ల దగ్గర ఆ మాటలెందుకని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. నాకు మాటలు రాకముందు నుంచీ ఆ పాట వింటున్నాను.

మా ఊరు ఆళ్లగడ్డకు దగ్గర. రోడ్డు పక్కన రాళ్లు చెక్కేవాళ్ల షెడ్లు దాటి, పత్తి చేల మధ్యన లోపలికి రావాలి. అవ్వ చిన్నప్పుడు నంద్యాలలో మిషన్ బడి హాస్టల్లో చదువుకుంది. అప్పట్లో ఇంగ్లండులో రాణికి కిరీటం పెట్టారట. ఆ పండగకు బడిలో ఉన్న దొరసాని ఈ పాటకు తెలుగు మాటలు రాయించి పిల్లలకు నేర్పింది. ఒక్కో వరసను ఒక్కో గదిలో విడివిడిగా నేర్పి, పండగ రోజున మాత్రం అందరినీ చర్చిలో నిలబెట్టి పాడించింది. ఆ వారంలోనే ఊరి నుంచి కబురు వచ్చింది. అవ్వ వాళ్ల నాయన పాము కరిచి చనిపోయాడు. శవానికి స్నానం చేయించి తలకు నూనె పెట్టమని పిల్లను ముందుకు తోశారు. పెడుతూ పెడుతూ ఏడుపు రాక, ప్రార్థన రాక, నోటికి వచ్చిన ఆ పాటే పాడిందట. అవ్వ మళ్లీ బడికి పోలేదు. పాట మాత్రం ఊళ్లో ఉండిపోయింది.

ఈ ఏప్రిల్లో మణెమ్మ చనిపోయింది. అవ్వతో కలిసి కలుపు తీసిన మనిషి. సమాధి దగ్గర నుంచి వచ్చాక అవ్వ మంచం మీద కూర్చుండిపోయింది. నేను జొన్నరొట్టె, గోంగూర తెచ్చి పక్కన పెట్టాను.

"నాకొద్దు పాపా," అంది. "మణెమ్మను సగం పాటతో పంపిస్తి."

నాకు అర్థం కాలేదు. అవ్వ రొట్టెను పక్కకు నెట్టింది.

"ఆ దినం నంద్యాల చర్చిలో పాడితే గోడలు అదిరినాయి. పాట నా సుట్టూ ఉండె. ఈడ పాడితే దారం మాదిరి సన్నగా వస్తాది. వీళ్లు సరిగ్గా పాడల్యాదని ఇన్నేండ్లూ తిడతాంటి. వీళ్ల తప్పు కాదు. నేనే రవంత యాడనో మర్చిపోయినా. నేను పొయ్యేలోపల అది దొరకాల. ల్యాకుంటే నాకూ సగమే పాడతారు."

నాయన విని, ముసలితనం చాదస్తం అన్నాడు. రొట్టె ఆవుకు పెట్టేశాం. ఆ రోజు నుంచి అవ్వ పొయ్యి దగ్గర, పశువుల కొట్టం దగ్గర ఆ పాటే గొణిగేది. ఒక చోట ఆగేది, ఆలోచించేది, మళ్లీ మొదటికి వచ్చేది. ఆ ఆగడం నాకు భయంగా ఉండేది.

మే నెలలో పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఇంటర్ ఎక్కడ చేరాలో చూద్దామని కృపావతి చిన్నమ్మ నన్ను నంద్యాలకు పిలిపించుకుంది. చిన్నమ్మ అక్కడ ఆసుపత్రిలో నర్సు, చర్చి క్వయర్లో పాడుతుంది. ఫలితాలు వచ్చిన రోజే బయల్దేరి పోయాను. ఆ సాయంత్రం లండన్‌లో కొత్త రాజుకు కిరీటం పెడుతున్నారని చిన్నమ్మ టీవీ పెట్టింది. ముసలి రాజు పైనున్న బరువైన అంగీలు తీసేసి తెల్ల చొక్కాతో కూర్చున్నాడు. నూనె పెట్టేటప్పుడు ఎవరూ చూడకుండా మూడు వైపులా తెరలు తెచ్చి నిలబెట్టారు. అప్పుడు పాట మొదలైంది. చాలాసేపు వాయిద్యాలే అలలు అలలుగా లేచాయి, గొంతులు రాలేదు. వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. నేను తెరలనే చూస్తున్నాను. మణెమ్మ చుట్టూ పట్టుకున్న చీరలు గుర్తొచ్చాయి. పాటను మాత్రం నేను గుర్తుపట్టలేదు.

క్వయర్ పెద్ద ప్రేమ్ సాగర్ సార్ ఈ ఏడు చర్చి వార్షికోత్సవానికి అదే పాట పాడించాలని పట్టుబట్టారు. దాదాపు మూడు వందల ఏళ్లుగా ఇంగ్లండులో ఎవరికి కిరీటం పెట్టినా అదే పాడతారని చెప్పారు. చిన్నమ్మ నన్ను ఇంట్లో ఒంటరిగా వదల్లేక ప్రాక్టీసుకు తీసుకుపోయేది. నేను చివరి బెంచీలో తల దించుకుని కూర్చునేదాన్ని. మొదటి రోజు పైగొంతు వాళ్లకు నేర్పారు. దాన్ని సొప్రానో అంటారట. అందరికీ వినిపించేది అదే. రెండో రోజు ఆల్టో వాళ్ల వంతు. వాళ్లది దాని కింద నడిచే వరస, చిన్నమ్మ ఉండేది అందులోనే. సార్ కీబోర్డు మీద ఒక ముక్క వాయించారు.

నేను తలెత్తాను. అది అవ్వ పాట.

మాటలు ఇంగ్లీషువి. కానీ రాగం, అది పైకి పోబోయి పోకుండా ఒకే మెట్టు మీద నిలబడిపోయే చోటు, అవ్వ ఊపిరి తీసుకునే చోటు, అన్నీ అవే. సార్ తర్వాతి ముక్క వాయించకముందే నా గొంతు దాన్ని పాడేసింది. హాలంతా నా వైపు తిరిగింది.

"ఇంకా నేను వాయించనే ల్యాదు కదమ్మా," అన్నారు సార్. "నీకెట్ల వచ్చు?"

మా ఊళ్లో పాడతారని చెప్పాను. ఎప్పుడు అని అడిగారు. చనిపోయినవాళ్లకు నూనె పెట్టేటప్పుడు అన్నాను. నా మాట నాకే సరిగ్గా వినిపించలేదు గానీ, ముందు బెంచీలో ఉన్న రాజశేఖర్ అన్నకు వినిపించింది. ఆయన బ్యాంకులో పనిచేస్తాడు, ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఏడిపిస్తుంటాడు.

"రాజుల పాట పీనుగల కాడ పాడతారా? మీ ఊర్లో అంతమంది రాజులు సచ్చినారా ఏంది?"

అందరూ నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వి, వెంటనే నా చెయ్యి పట్టుకుంది. సార్ నవ్వలేదు. మీ అవ్వ ఆనాడు ఏ వరసలో నిలబడిందో అడుగు అన్నారు. బయటికి వచ్చి నాయనకు ఫోన్ చేసి అవ్వకు ఇమ్మన్నాను.

"ఎనక వరస," అంది అవ్వ. "నాది బరువు గొంతు. ముందు వరసలో టీచర్ల పిల్లోండ్లు. యాల అడుగుతాండావ్?"

ఊరికే అని పెట్టేశాను. ఫోన్లో చెప్పే మాట కాదనిపించింది. మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఆడవాళ్లవి రెండు, మగవాళ్లవి రెండు, నాలుగు వరసలూ కలిపి పాడుతున్నారు. అవ్వ వరస కోసం చెవి పెట్టి వెతికాను. చాలా చోట్ల దొరకలేదు. అది లేకపోతే పాట నిలబడదని సార్ అంటారు, కానీ అందరూ పాడుతుంటే అది విడిగా వినిపించదు. మా ఊరు పాటంతా అనుకుని పాడుకుంటున్నది ఆ ఒక్క వరసే. అవ్వ ఏదీ మర్చిపోలేదు. మిగతా వరసలు ఆమెకు ఎవరూ నేర్పనే లేదు.

ఆ ఆదివారం క్వయర్ పాడిందంతా ఫోన్లో రికార్డు చేసుకుని, సిరివెళ్ల మీదుగా బస్సులో ఊరికి వచ్చాను. దారంతా అవ్వ ముఖం ఎలా వెలుగుతుందో ఊహించుకున్నాను. ఫోన్ అవ్వ చెవి దగ్గర పెట్టాను. అవ్వ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. మళ్లీ పెట్టమంది. మళ్లీ విన్నది.

"బాగుంది," అంది. "ఇందులో నా పాట ల్యాదు."

ఉందవ్వా, లోపల ఉంది అన్నాను. నాలుగు వరసల సంగతి చెప్పాను. నేను ఎంత చెప్పినా అది ఓదార్పుకు చెప్పే మాటలాగే ఉంది. అవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది.

"నేను తెచ్చింది ఆ పాటే కాదేమో. ఏదో నా నోటికి వచ్చింది పాడినానేమో. అందరికీ అదే పాడితిని గదా పాపా."

సగం పాట అన్నప్పటికంటే అది ఘోరంగా ఉంది. మంచిది చేద్దామని పోయి అవ్వ దగ్గర ఆ సగం కూడా లేకుండా చేశాను.

మర్నాడే నంద్యాలకు తిరిగి పోయి, ప్రాక్టీసు అయ్యేదాకా ఆగి, సార్ కీబోర్డు మూస్తుంటే ఎదురుగా నిలబడ్డాను. పై వరస నాకు నేర్పించమని అడిగాను. అంతవరకు నేను బడిలో టీచర్లను కూడా ఏదీ అడిగి ఎరగను. సార్ నా గొంతు ఆల్టోకే సరిపోతుందనీ, పైకి పోతే పలచబడుతుందనీ చెప్పారు.

"పలచబడినా పర్వాల్యాదు సార్. మా అవ్వ పక్కన పాడాల. ఆమెకొక్కదానికి వినిపిస్తే సాలు."

సార్ మళ్లీ కీబోర్డు తెరిచారు.

వరస రావడం కష్టం కాలేదు. దాని మీద నిలబడటం కష్టమైంది. చిన్నమ్మ పక్కన ఆల్టో ఎత్తుకోగానే నా గొంతు జారి అటే పోయేది. పుట్టినప్పటి నుంచీ విన్న రాగం కదా, లాగేసేది. రాజశేఖర్ అన్న చూసి, చెవుల్లో వేళ్లు పెట్టుకుని పాడు అన్నాడు. ఎగతాళి అనుకున్నాను. కాదు, తానూ మొదట్లో అలాగే నేర్చుకున్నాడట.

జూన్ మొదట్లో ఊరికి వచ్చాను. అవ్వ పాట గొణగడం మానేసిందని అమ్మ చెప్పింది. చెన్నమ్మ అవ్వకు బాగాలేదని, ఇవాళో రేపో అన్నట్టుందని కూడా చెప్పింది. చెన్నమ్మ మా పక్కింటామె. ఆమెకు నూనె పెట్టడానికి ఇంకెవరినైనా చూసుకోండి అని మా అవ్వ చెప్పేసిందట.

నేను మంచం పక్కన కూర్చున్నాను. ఒక్కసారి పాడమని బతిమాలాను. అవ్వ ఒప్పుకోలేదు. రాజశేఖర్ అన్న అడిగిన మాట చెప్పాను, మీ ఊళ్లో అంతమంది రాజులు చచ్చారా అని. అవ్వ లేచి కూర్చుంది.

"సచ్చినారు. చానామందే సచ్చినారు. చెప్పు వానికి."

అలాగే లండన్‌లో తెరల సంగతి కూడా చెప్పాను. "ఆడ కూడా చాటు పట్టుకుంటారా," అంది. తర్వాత గొంతు సవరించుకుని, నేను మళ్లీ అడగకుండానే ఎత్తుకుంది. నేను రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, పై వరస పాడాను. కొంతదూరం పోయాక అవ్వ నా చెయ్యి లాగింది.

"తప్పు పాడతాండావ్."

తప్పు కాదవ్వా, నన్ను చూడొద్దు, నీది నువ్వు పాడు అన్నాను. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఒక వేలు తీసేశాను. నా గొంతు పలచగా వణికింది కానీ జారలేదు. కింద అవ్వ గొంతు బరువుగా, నేల మీద నడిచినట్టు నడుస్తోంది. ఒకే మెట్టు మీద నిలబడిపోయే చోటు వచ్చింది. అక్కడ పై వరస దిగి వచ్చి దాన్ని తాకి మళ్లీ లేస్తుంది. అవ్వ ఆ చోట పాడటం ఆపలేదు గానీ కళ్లు తెరిచింది. పాట అయిపోయాక నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ముందు వరస వాళ్లది ఇట్లనే ఉండె," అంది. "నా ముందర నిలబడిన పిల్ల జడ కూడా కనపడింది నాకిప్పుడు. నేను పోగొట్టుకోల్యాదు. నాకిచ్చింది నేను తెచ్చినా."

నేను అవునన్నాను.

చెన్నమ్మ అవ్వ ఆ వారమే చనిపోయింది. నూనె గిన్నె ఎవరు పట్టుకోవాలని ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే అవ్వ లోపలికి పోయి తీసుకుంది. చీరలు లేచాయి. అవ్వ నన్ను తెర లోపలికి రమ్మనలేదు, నీ చోటు బయట అంది. నేను గడప పక్కన నిలబడ్డాను. అవ్వ ఎత్తుకుంది. ఆడవాళ్లు అందుకున్నారు. నేను నోరు తెరిచాను.

నా చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే తిరిగి చూశారు. మా పెద్దమ్మ, తప్పు పోతున్నావని చేత్తో సైగ చేసింది. ఒకామె నా భుజం గిల్లింది. చెవుల్లో వేళ్లు పెట్టుకుందామనుకున్నాను, చావింట్లో అలా బాగుండదని పెట్టుకోలేదు. గొంతు జారబోయింది. అప్పుడు చీరల పైన అవ్వ చెయ్యి లేచింది. నూనెతో మెరుస్తున్న అరచెయ్యి. అది నన్ను ఆపమనలేదు. అలాగే పైకే ఉంది, నేను చివరికి చేరేదాకా. ఎవరూ నన్ను మళ్లీ గిల్లలేదు. ఆ ఇల్లు చిన్నది, రేకుల కప్పు. పాట దానికి తగిలి మా మీదికే తిరిగి వచ్చింది.

సమాధి దగ్గర నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని అవ్వ మంచం మీద కూర్చుంది. నేను దగ్గరికి పోవడానికి జంకుతూ వాకిట్లో నిలబడ్డాను.

"రొట్టె ఉందా?" అని అడిగింది.

తెచ్చి పెట్టాను. తుంచి, గోంగూర అద్దుకుని, నిదానంగా నమిలింది. సగం తిన్నాక తలెత్తింది.

"ఇంగా రెండు వరసలు ఉండాయంటివి గదా. మొగోళ్లవి."

ఉన్నాయన్నాను.

"ఆ రాజశేఖర్‌ను ఒక ఆదివారం పిలుచుకొని రా. మనోళ్లకు నేర్పించి పోనీ. నాకు నాలుగూ కావాల."