ఆపకూడని లాప్‌టాప్

దాలమ్మకు అక్షరమ్ముక్క రాదు గానీ, సరుకు చూసి మోసపోయిన రోజు మాత్రం ఆమె జీవితంలో లేదు. ఇరవై ఏళ్ళుగా కళింగపట్నం పక్క పల్లె నుంచి శ్రీకాకుళం బజారుకు చేపల గంప మోస్తోంది. మొప్ప ఎత్తి చూసిందంటే చేప ఏ పూట పడిందో చెప్పేస్తుంది. అలాంటి మనిషి ఆ మంగళవారం గంపను ఇంట్లో వదిలేసి, తలంటుకుని, పెట్టెలోని చీర కట్టుకుని, కూతురి వెనకాల కంప్యూటర్ల షాపుకు బయల్దేరింది.

కూతురు అనితకు విశాఖపట్నంలో డిజైను కోర్సులో సీటు వచ్చింది. వచ్చే సోమవారం నుంచి క్లాసులు. లాప్‌టాప్ లేకుండా రావద్దని కాలేజీ వాళ్ళు కాగితం పంపారు. తండ్రి బంగారురాజు గుజరాత్‌లో, వెరావలు బోట్ల మీద పనికి పోయి ఉన్నాడు. ఫోను కలిసినప్పుడల్లా "పిల్లకి మంచిది కొను, సచ్చుది కొనీకు" అని ఒకటే పాట. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి అనిత. సోమవారం నాడు ఆ పిల్ల కాలేజీ గేటు లోపల అడుగు పెట్టాలి. దాలమ్మ దేవుణ్ణి అడిగేది అదొక్కటే.

బస్సులో అనిత తల్లికి దారి పొడుగునా పాఠం చెప్పింది. "గ్రాఫిక్స్ కార్డు వేరేగా ఉండాలమ్మా. ర్యాము ఎనిమిదికి తగ్గిందంటే త్రీడీ బొమ్మ తిప్పగానే బిగుసుకుపోతాది."

"మరి ఆటలాడుకోడానికో?"

"దానికీ ఆ కార్డే."

"అలగా సెప్పు. సదువు పేరు సెప్పి ఆట కొనిపిస్తన్నావు."

అనిత కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. రెండూ నిజమేనని తల్లికి తెలుసు. పిన్ని కొడుకు వెంకీ ఇంట్లో ఆ తుపాకుల ఆట ఆడేటప్పుడు ఈ పిల్లకు అన్నం కూడా గుర్తుండదు.

నారాయణమూర్తి షాపు ఏడు రోడ్ల కూడలికి కాస్త ఇవతల ఉంది. ఆ వీధిలో దాలమ్మ వెయ్యిసార్లు నడిచింది గానీ గడప ఎక్కింది లేదు. కోమట్ల షాపు, చేపల వాసనకు ముఖం చిట్లిస్తారని ఆమె భయం. ఆయన ముఖం చిట్లించలేదు. కుర్చీ చూపించి, మూడు లాప్‌టాపులు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు.

దాలమ్మ మొదటిదాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసింది. "దీని మొప్పలేవి బాబూ?"

"మొప్పలా?"

"ఏడెక్కితే గాలి ఎటెల్తాది?"

నారాయణమూర్తికి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చినట్టుంది. "బాగా అడిగావమ్మా. దీనికి గాలి సందు తక్కువ. టైపింగుకి, సినిమాలకి చాలు. బొమ్మలు గీయిస్తే గంటలో కాలిపోతుంది." రెండోదాని కార్డు బాగుంది గానీ తెర రంగులు వెలిసిపోయినట్టున్నాయి, ఎరుపు ఎరుపులా లేదు. మూడోది అన్నీ ఉన్నది. ధర చెప్పగానే అనిత మారుమాట లేకుండా కాలేజీ కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది.

ఆ మడవడం దాలమ్మ చూసింది. నారాయణమూర్తి కూడా చూశాడు. ఏ సాఫ్ట్‌వేరు నేర్చుకుంటావు, ఏ ఆట ఆడతావు అని అనితను అడిగాడు. పిల్ల చెప్పింది. ఆయన కాసేపు ఆ పిల్ల ముఖాన్నే చూస్తూ ఉండిపోయి, "లోపల ఒకటుంది" అన్నాడు.

తెచ్చింది నల్లటి బరువైన లాప్‌టాప్. మీటల కింద ఎర్రటి వెలుగు, వెనక రెండు పెద్ద గాలి సందులు. అనిత కళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. దాలమ్మ చెయ్యి వేసి చూసింది. ఒంటి వేడి ఉంది దానికి.

"ఇదెవలది బాబూ?" వాడిన సరుకు కొనేటప్పుడు బెస్తవాళ్ళు మొదట అడిగేది అదే.

"మా అబ్బాయిది. ఆనంద్‌కుమార్." ఆయన దాచలేదు. "నిరుడు దసరాకి జ్వరం వచ్చింది. అయిదు రోజుల్లో పోయాడు. వాడూ డిజైను కోర్సే. వాడి ఆటలో పెట్టడానికి ఒక ఇల్లు గీస్తున్నాడు. మధ్యలో ఆగిపోయింది. ఆ పని తెలిసిన పిల్లలెవరైనా పూర్తి చేస్తారేమోనని చూస్తున్నాను."

ధర అడిగితే, ఉన్నంత ఇవ్వమన్నాడు. ఒకటే షరతు. "దీన్ని ఆపకూడదమ్మా. పని అయ్యాక మూత వెయ్యండి, పడుకుంటుంది. చాలు. వాడు ఎలా తెరిచి వెళ్ళాడో అలాగే ఉంది. పది నెలలుగా నేను ఆపలేదు." దాలమ్మ ఆయన చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది. బిడ్డ పోయినవాడు అడిగితే ఎవరు కాదంటారు? ఆ మాత్రం జాలి లేకపోతే ఆమె దాలమ్మే కాదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. మూత వేసే ఉంది. అయినా చీర మడతల్లోంచి, ఉండి ఉండి, సన్నగా గాలి తగులుతూనే ఉంది.

ఇంటికి చేరాక దాలమ్మ చేసిన పని ఒకటుంది. పట్టణం వాళ్ళు వింటే నవ్వుతారు. ఆ ఇంట్లో పోయినవాడి వలను ఊరికే వాడరు. ముందు వల అల్లికలో ఒక కన్ను కోసి, దాన్నే కొత్తవాడి చేత మళ్ళీ ముడి వేయిస్తారు. అప్పుడు గానీ ఆ వలకు పాత చెయ్యి వదలదు, కొత్త చెయ్యి తెలియదు. ఇప్పుడు లాప్‌టాప్‌కు కోయడానికి కన్నెక్కడిది? దాలమ్మ ఆలోచించి, మీటల వరసలో పై మూలనున్న దాన్ని ఎంచుకుంది. అక్షరాల జోలికి పోతే పిల్ల చదువుకు ఇబ్బంది కదా అని ఆమె తెలివి. చేపల కత్తి మొనతో ఎత్తింది. టప్పుమని ఊడింది. "మళ్ళీ నువ్వే పెట్టే" అని కూతురికి ఇచ్చింది. అనిత నొక్కింది. అది కూర్చోలేదు. కింద కొక్కేలు విరిగిపోయాయి.

"ఏటమ్మా ఇది! బయటికొచ్చే మీట అదే!" అనిత నెత్తి కొట్టుకుంది. "ఆటలోంచి రావాలన్నా, గీత వద్దనుకున్నా అదే నొక్కాలి."

"మరో దారి లేదేటే?"

"ఉంటాదిలే, సూస్తాను" అని పిల్ల ముఖం ముడుచుకుని పనిలో పడింది.

బుధవారమంతా అనిత తెర మీద ఆనంద్ గీసిన ఆ ఇంటి ముందే కూర్చుంది. నాలుగు గదులు, మేడ, మెట్లు, కిటికీలు. అన్నీ ఉన్నాయి గానీ తలుపు ఒక్కటీ లేదు. ఏళ్ళు పట్టే పని ఆ పిల్లకు పూటలో వచ్చేస్తోంది. తల్లికి గర్వంగా ఉంది. పక్కింటి గురమ్మను పిలిచి మరీ చూపించింది.

గురువారం మిట్టమధ్యాహ్నం గంప దించి లోపలికి వస్తుంటే అనిత ఎవరితోనో మాట్లాడుతోంది. చెవులకు హెడ్‌ఫోన్లు. "ఆగు, వస్తన్నాను. ఎటు తిరగాలి? మెట్లెక్కాలా?"

"ఎవలే?"

"ఆనంద్."

"ఏ ఆనంద్?"

"ఈ లాప్‌టాప్ ఆనందేనమ్మా. సాఫ్ట్‌వేరు నేర్పుతన్నాడు." కూర బాగుందన్నంత మామూలుగా చెప్పింది.

దాలమ్మ కేక వేసింది. "ఆడు సచ్చిపోనాడు కదే! ఆ బాబు మనతోనే సెప్పినాడు కదే!"

"తెలుసు. పాపం, ఒక్కడే ఉన్నాడమ్మా. ఇల్లు కట్టుకున్నాడు గానీ తలుపు పెట్టుకోలేదు. పెట్టేలోపే జ్వరం వచ్చింది."

"నువ్వు లేచి బయటికి రా. ముందు ఇవతలికి రా."

"వస్తాను" అంది అనిత, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "మీట లేదు కదా."

శుక్రవారానికి పిల్ల తనంతట తాను అన్నం తినడం మానేసింది. ముద్ద నోట్లో పెడితే నములుతుంది. పిలిస్తే పలకదు. రెప్ప వెయ్యదు. కుడి చెయ్యి మాత్రం మౌస్ మీద తిరుగుతూనే ఉంటుంది. దాలమ్మ భయం భయంగా మూత వేసింది. అనిత తల వాలిపోయింది, కూర్చున్నచోటే నిద్ర పట్టేసింది. రెండు రోజుల తర్వాత కునుకు తీసిందని తల్లి ఎంతో సంతోషపడి దుప్పటి కప్పింది. సాయంత్రం దాకా లేవలేదు. కదిపినా, నీళ్ళు చల్లినా లేవలేదు. చివరికి ఏదో అనుమానమొచ్చి మూత ఎత్తింది. ఆ క్షణమే పిల్ల కళ్ళు తెరుచుకున్నాయి.

అప్పుడు దాలమ్మ మొదటిసారి తెరలోకి సరిగ్గా చూసింది. మేడ మీద కిటికీలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు కుర్రాడు. పక్కనున్న పిల్ల అనిత వేసుకున్న నీలం చుడీదారే వేసుకుంది. గొంతు చించుకుని ఏడవాలనిపించింది దాలమ్మకు. ఏడిస్తే వీధంతా పోగవుతుంది, పిల్లకు దయ్యం పట్టిందంటారు, రేపు ఆ పేరే మిగులుతుంది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

శనివారం ఎండ నడినెత్తిన ఉండగా ఆటో మాట్లాడుకుని శ్రీకాకుళం వెళ్ళింది. అనిత పక్కనే కూర్చుంది, ఒళ్ళో తెరిచిన లాప్‌టాప్. ఆటో గతుకుల్లో పడ్డా ఆ పిల్ల చూపు చెదరలేదు.

"మీ సరుకు మీరు తీసుకోండి బాబూ. నా పిల్లని నాకిచ్చీండి." గడపలోనే అరిచింది దాలమ్మ. నారాయణమూర్తి గబగబా షట్టరు సగం దించాడు. అనిత ముఖం చూశాడు, తెర చూశాడు. కిటికీలో కొడుకు కనబడగానే ఆయన తెర మీదికి వంగిపోయాడు. పది నెలలుగా ఆయనకు ఇల్లు కనబడింది గానీ మనిషి ఎప్పుడూ కనబడలేదట. ఆ తర్వాత ఖాళీ మూల చూశాడు.

"ఈ మీట ఎవరు పీకారు?"

దాలమ్మ చెప్పింది. వల సంగతి, కన్ను సంగతి, అంతా చెప్పింది. చెబుతూ ఉంటే తన చేత్తో తానే కూతురికి దారి మూసేసిందని ఆమెకు తెలిసొచ్చింది. నారాయణమూర్తి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన చెయ్యగలిగిందంతా చేశాడు. మీట ఊడినచోట పెన్ను మొనతో నొక్కాడు, పలకలేదు. షాపులోని కొత్త కీబోర్డు తెచ్చి వైరు తగిలించాడు, ఆ మిషను దాన్ని గుర్తించలేదు. చిన్న స్క్రూడ్రైవరు తీసి, మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. "లోపలి కీబోర్డు మార్చాలమ్మా. మార్చాలంటే ముందు దీన్ని ఆపాలి."

ఆయన తెర మీద, కొడుకు ముఖం ఉన్నచోట వేలు ఆనించాడు.

"నాదెలాగూ పోయిన బిడ్డ" అన్నాడు ఆఖరికి. "నీది ఉన్న బిడ్డ. ఆపితే లేస్తుందేమో. మాట తప్పావని నేననుకోను. ఈ మూల గుండ్రంగా ఉన్నదే, అది గట్టిగా నొక్కి పట్టుకో. నా చేత్తో నేను నొక్కలేను."

ఆ క్షణంలో దాలమ్మకు ఆ మనిషి కాళ్ళ మీద పడాలనిపించింది. కన్నీళ్ళు తుడుచుకుని, కూతురి తల ఒక చేత్తో తన కడుపుకు హత్తుకుని, రెండో చేతి బొటనవేలు ఆ గుండ్రటి మీట మీదికి దించబోయింది.

"అమ్మా."

గొంతు అనితదే. కానీ కడుపుకు ఆనుకుని ఉన్న ఆ పెదవులు కదల్లేదు. మాట లాప్‌టాప్‌లోంచి వచ్చింది.

"అమ్మా, ఆపీకే, ఆపొద్దే. నేనింకా లోపలే ఉన్నాను."

దాలమ్మ వేలు గాల్లోనే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తీసుకుని చీర కొంగులో దాచుకుంది, అది మళ్ళీ తన మాట వినకుండా అటు పోతుందేమోనన్నట్టు. కూతురి ఒళ్ళు వెచ్చగానే ఉంది, ఊపిరి ఆడుతూనే ఉంది. కిటికీలో నీలం చుడీదారు పిల్ల తల్లి వైపే చూస్తోంది.

నారాయణమూర్తి తన కుర్చీ కాస్త పక్కకు జరిపి, ఆమెకు మరొకటి వేశాడు. ఛార్జరు వైరు తెచ్చి గోడకు గుచ్చి, ఊడిపోకుండా టేపు అంటించాడు.

దాలమ్మ ఆ వైరు వైపు చూసింది.

"కరెంటు పోతే ఏటి సేస్తారు బాబూ?"

"ఇన్వర్టరుందమ్మా" అన్నాడాయన. "రెండు బ్యాటరీలు."