మాస్టారి కాలికింది బ్రేకు

మా వదిన పళ్ళ డాక్టరు. గుంత కనిపిస్తే పూడ్చకుండా ఉండలేదు. తర్వాత జరిగిన రభసంతా ఆ ఒక్క గుణం వల్లే జరిగిందని నేను ఇప్పటికీ అంటాను. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

ఆవిడకి పాత జర్మన్ కార్ల పిచ్చి కూడా ఉంది. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టు, పెళ్ళయి మా ఇంటికొచ్చాక అది తగ్గకపోగా నాకూ అంటించింది. నాది సోఫాలకీ, కారు సీట్లకీ కవర్లు కుట్టే షాపు. ఇంట్లో ఒకరికి పాత కార్ల పిచ్చి, ఇంకొకరికి సీట్లు కుట్టే మిషను ఉంటే ఇక ఆ కొంపని ఎవరు బాగుచేస్తారు?

ఆ కారు ట్రాలీ మీద ఇంటికొచ్చిన రోజు మా అన్నయ్య గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. రంగేదో చెప్పడానికి లేదు, తుప్పే దాని రంగు. ముందు దీపాలు లేవు. వెనక సీటు మీద ఒక కోడి పొదిగి కూర్చుని ఉంది. కారు ఎవరిదో తోటలో, కోళ్ళ షెడ్డులో దొరికిందట. కోడి దిగనని మొండికేస్తే వదిన కోడితో సహా బేరమాడి తెచ్చేసింది.

“ఇందులో కారేది?” అన్నాడు అన్నయ్య.

“కోడి కాకుండా మిగిలిందంతా,” అంది వదిన. “మా నాన్న కారు.”

అది నిజమే. వదిన వాళ్ళ నాన్నగారిని ఊరంతా మాస్టారనే పిలుస్తుంది. డ్రైవింగ్ స్కూలు మాస్టారు. గుండ్రటి వీపూ, వెనకాల ఇంజనూ, ముందు డిక్కీ ఉన్న ఆ జర్మన్ బండిని ఆయన తాబేలు అనేవారు. ఊళ్ళో స్టీరింగు పట్టిన సగంమంది దాంట్లోనే నేర్చుకున్నారు. నేనూ దాంట్లోనే నేర్చుకున్నాను. మేము స్టీరింగు దగ్గర చెమటలు కక్కుతుంటే ఆయన పక్క సీట్లో కూర్చునేవారు. ఆయన కాలి కింద ఆయనకంటూ వేరే బ్రేకు ఒకటి ఉండేది.

మాస్టారు ఎవరినీ ‘బాగా నడిపావు’ అన్న పాపాన పోలేదు. కానీ ఏదో ఒక రోజు చెప్పాపెట్టకుండా చెప్పులు విడిచేసి, కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కుని, మఠం వేసుకుని కూర్చునేవారు. ఇక బ్రేకు నీ చేతిలోనే ఉంది, నిన్ను నమ్మాను అని దానర్థం. మా ఊళ్ళో ‘లైసెన్సు వచ్చిందా’ అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ‘మాస్టారు కాళ్ళెత్తారా’ అని అడిగేవాళ్ళు. నాకు కూరగాయల బండ్ల మధ్యలో ఎత్తారు. నేను అక్కడికక్కడే ఏడ్చేశాను.

అందరికీ ఎత్తిన మనిషి కన్నకూతురికి మాత్రం ఎత్తలేదు. వదిన నడుపుతున్నంతసేపూ ఆయన కాలు బ్రేకుకి అంటుకునే ఉండేది. తర్వాత ఆయన చూపు మందగించింది, స్కూలు మూతపడింది, తాబేలు చేతులు మారింది. అప్పట్నుంచీ ఆయన ఎవరి కారూ ఎక్కడం మానేశారు. ఎండయినా వానయినా గొడుగు పట్టుకుని నడిచే వెళ్తారు. రమ్మంటే “నాకు నడకే హాయి” అంటారు.

“ఆయన తాబేల్లో కూర్చోవాలి, నేను నడపాలి, ఆయన కాళ్ళెత్తాలి. అంతకుమించి నాకేం వద్దు,” అంది వదిన, కోడిని మెల్లిగా దింపుతూ.

ఆదివారాలు మా షెడ్డు తిరణాల అయిపోయింది. వదిన క్లినిక్కులో పక్కన పడేసిన పనిముట్లన్నీ తెచ్చింది. నోట్లో పెట్టి చూసే బుల్లి అద్దంతో ఇంజను వెనకాల తొంగిచూసేది. పళ్ళు గీకే కొక్కెంతో కార్బురేటర్లో మట్టి గీకేది. గీకుతూ అలవాటుకొద్దీ “కొంచెం నొప్పి పుడుతుంది, ఓర్చుకోండి” అనేది. నేను సీట్లు విప్పితే లోపల కొబ్బరిపీచు, దాంట్లో పాత విద్యార్థుల జడపిన్నులు, బొత్తాలు, ఒక పెట్టుడు పన్ను దొరికాయి. ఆ పన్ను చూసి వదిన కట్టిన తీరు బాలేదంది.

మాకు సలహాదారు మందుల షాపాయన. ఆయన పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరూ ఫ్యాక్టరీ గారంటారు. ఆయనకీ ఒక పాత జర్మన్ కారుంది. దాని టైర్లలో గాలి కూడా జర్మనీదేనని నా అనుమానం. ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో కారు అలాగే ఉండాలి, మేకు కూడా మారకూడదు అన్నది ఆయన మతం. నేను సీట్ల అంచుకి పసుప్పచ్చ పట్టీ కుడతానంటే ఆ రోజు నీళ్ళు కూడా ముట్టలేదు. చివరికి నేనే తగ్గాను. పట్టీ కుట్టాను గానీ లోపలి వైపు, ఆయనకి కనపడకుండా.

ఇంజను మొదటిసారి పలికిన రోజు మమ్మల్ని చూస్తే ఎవరైనా తాళ్ళేసి కట్టేసేవాళ్ళు. అది దగ్గింది, తుమ్మింది, నల్లటి పొగ ఒకటి వదిలి టకటకటక మొదలుపెట్టింది. కోడి షెడ్డు కప్పెక్కింది. ఏనాడూ పాన పట్టని మా అన్నయ్య ఆయిల్ డబ్బా చంకలో పెట్టుకుని గెంతాడు. ఫ్యాక్టరీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని మళ్ళీ తుడుచుకున్నారు. వదిన నన్ను కౌగిలించుకుంటే నా జాకెట్టు వీపున రెండు గ్రీజు చేతులు పడ్డాయి. అవి ఇప్పటికీ పోలేదు, నేను ఉతకనూ లేదు.

ఆ మరుసటి ఆదివారమే మేము బుద్ధి గడ్డి తిన్న పని చేశాం. పక్క సీటు కింద చాప లేపితే మాస్టారి బ్రేకు కనిపించింది.

“ఇది పుట్టుకతో వచ్చింది కాదు,” అన్నారు ఫ్యాక్టరీ గారు, ఎవరికో లేనిపోని రోగం అంటగడుతున్నట్టు. “తర్వాత బిగించారు. తీసేయాలి.”

తీసేశాం. తీసేస్తే నేలలో గుంత కనిపించింది. మా వదినకి గుంత కనిపిస్తే ఇంకేముంది. రేకు అతికించి, లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, మీగడ రంగు వేసి, వేలితో రాసి చూసుకుని మురిసిపోయింది. అందరం కాళ్ళ గురించే ఆలోచించాం. ఆ కాళ్ళ కింద ఏముండేదో ఒక్కరికీ తట్టలేదు.

తాబేలు తయారైందని కబురు పెడితే మాస్టారు గొడుగుతో వచ్చారు. చూపు ఆనక చేత్తో తడుముతూ దాని చుట్టూ తిరిగారు. వీపు మీద అరచేత్తో చరిచారు. తలుపు తెరిచి మూసి, ఆ చప్పుడు విని నవ్వారు. “తాబేలే,” అన్నారు. వదిన మొహం చేటంత అయింది.

ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. నేను వెనక ఎక్కాను. వదిన గేటు వైపు పోనిచ్చింది. మాస్టారి కాలు ముందుకెళ్ళి చాప మీద నొక్కింది. కొంచెం పక్కకి జరిగి మళ్ళీ నొక్కింది.

“ఆపమ్మా. నా బ్రేకేది?”

“తీసేశాను నాన్నా. ఒరిజినల్‌గా ఉండాలని.”

“నేను ఒరిజినల్‌గా ఇక్కడే కూర్చున్నాను కదా.”

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లిగా తలుపు తీసుకుని దిగారు. “కారు బాగుంది. కానీ పక్కన కూర్చుంటే నా కాలికి బ్రేకు తగలాలి తల్లీ, లేకపోతే నాకు భయం. అందుకే ఎవరి కారూ ఎక్కను. కాళ్ళెత్తాలన్నా కింద బ్రేకుండాలి. అది లేనప్పుడు ఎత్తితే బస్సులో కునుకు తీసినట్టే,” అని గొడుగు తెరుచుకుని నడిచి వెళ్ళిపోయారు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నేను వదినని ఆ సాయంత్రమంతా సాధించాను. ఆవిడ ఏడవలేదు, కాలు గాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగింది. రెండు బ్రేకుల్నీ కలిపే కడ్డీ అటక మీద దొరికింది. పెడల్ మాత్రం ఎక్కడా లేదు. పాతసామాన్ల కొట్లు తిరిగాం. ఫ్యాక్టరీ గారిని అనుమానించాం. కోడి గూడు కూడా వెతికాం. మర్నాడు విసుగెత్తి షాపులో రెక్సిన్ కత్తిరించబోతే, గుడ్డ ఎగరకుండా దాని మీద నేను రోజూ పెట్టుకునే బరువు చేతికి తగిలింది. పెడలే. పడి ఉంది కదా అని నేనే తెచ్చుకున్నాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. వదిన నన్ను ఏమీ అనలేదు, నా పెద్ద కత్తెర మాత్రం కొన్నాళ్ళు కనపడకుండా పోయింది.

కొత్త రంగు మీద మళ్ళీ చిల్లు పెట్టే రోజు ఫ్యాక్టరీ గారు తలుపు దగ్గరే నిలబడిపోయారు. వదిన డ్రిల్లు పట్టుకోగానే ఆగమన్నారు. అడ్డం పడతారనుకున్నాం. జేబులోంచి సుద్దముక్క తీసి, వంగి, లెక్కగా ఒక గుర్తు పెట్టారు.

“పెడితే సరిగ్గా పాతచోటే పెట్టండి,” అన్నారు. “ఈ తాబేల్లోనే నేనూ నేర్చుకున్నాను. నాకు రైలుగేటు దగ్గర ఎత్తారు.”

కడ్డీ బిగించాక వదిన ఇటు తొక్కితే మాస్టారి పెడల్ అటు కిందికి దిగింది. నేను అటు తొక్కితే ఇటుది దిగింది. ఇద్దరం చాలాసేపు తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లల్లా అదే పని చేశాం.

మాస్టారు మళ్ళీ వచ్చారు. ఆయన కాలు చాప మీద వెతుక్కుంటూ వెళ్ళి పెడల్‌కి తగిలింది. ఆయన ఊపిరి వదలడం నాకు వెనక సీట్లోకి వినిపించింది. బయల్దేరాం. వీధి మలుపు తిరగకముందే ఆయన బ్రేకు వేశారు, నా ముక్కు ముందు సీటుకి కొట్టుకుంది. పాలబండికి వేశారు. కరెంటు స్తంభానికి వేశారు. ఎవరో తుమ్మితే దానికీ వేశారు. ఇన్నేళ్ళ బాకీ ఒక్కసారే తీర్చుకుంటున్నట్టు వేస్తూ, చిన్నపిల్లాడిలా నవ్వుతూ, “గేరు మార్చు, అద్దం చూడు, ఆ సైకిలాయన నీకు చుట్టమా” అని పాత పాఠాలన్నీ మొదలుపెట్టారు. నాకు పొట్ట చెక్కలవుతోంది. వదిన మొహం మాత్రం ఎర్రబడుతోంది.

“నాన్నా, నాకు జుట్టు నెరిసింది. నేను జనాల నోట్లో డ్రిల్లు పెట్టి బతుకుతున్నాను. వాళ్ళు నన్ను నమ్మి నోరు తెరుస్తున్నారు. మీరు కాలు తీయరేం?”

మాస్టారు ఇంకోసారి బ్రేకు వేశారు. వదిన పళ్ళు బిగించి, మార్కెట్ వెనక సందులోకి తిప్పింది. కాళ్ళ సంగతి ఇక వదిలేసిందని ఆవిడ భుజాలు చూస్తేనే తెలిసింది. రోడ్డు తప్ప ఇంకేమీ చూడట్లేదు. అప్పుడు ఆగి ఉన్న లారీ చాటునుంచి బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. వెనకే ఒక పిల్ల.

కారు ఆగింది. ఈసారి నా ముక్కు ఎక్కడా కొట్టుకోలేదు, మెత్తగా ఆగింది. పిల్ల బంతి తీసుకుని మా వైపు చూసి నాలుక బయటపెట్టి పారిపోయింది.

నేను మాస్టారి కాలు చూశాను. పెడల్ కిందికి దిగి ఉంది, ఆయన పాదం ఇంకా గాల్లోనే ఉంది. తొక్కబోయేలోపే అది ఆయన కాలికింద నుంచి తనంతట తాను దిగిపోయింది. ఆయనా తల వంచి ఆ ఖాళీ వైపే చూస్తున్నారు. బంతి ఆయనకి కనపడిందో లేదో నాకు తెలీదు గానీ, కూతురు తనకంటే ముందు తొక్కిందని మాత్రం కాలికి తెలిసింది.

వదిన మళ్ళీ గేరు వేసి కదిలింది. పెద్ద రోడ్డు ఎక్కాం. లైటు దగ్గర ఆగాం. వెనకాల బస్సు, ఆటోలు, స్కూటర్లు. మాస్టారు వంగి చెప్పులు విడిచి, రెండూ పక్కపక్కన సర్దారు. ఒక కాలు ఎత్తారు. మోకాలు పట్టేస్తే చేత్తో లాక్కుని, రెండోదీ ఎత్తారు. నా పసుప్పచ్చ పట్టీ ఉన్న సీటు మీద మఠం వేసుకుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

వదిన లైటునే చూస్తోంది. నేను వేలితో ఆవిడ వీపు మీద పొడిచాను.

“ఏంటే,” అని విసుక్కుంటూ ఇటు తిరిగి, చూసింది.

పచ్చలైటు పడింది. వదిన క్లచ్చు మీంచి కాలు తీసేసింది. తాబేలు ఒక్క గంతు వేసి ఆగిపోయింది. వెనకనుంచి హారన్లే హారన్లు. బస్సు డ్రైవరు తల బయటపెట్టి ఏదో తిట్టబోయి, తాబేలునీ, పక్క సీట్లో ఉన్న మనిషినీ పోల్చుకుని, నమస్కారం పెట్టాడు. వదిన రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, వాటిమీద నుదురు ఆనించి, నవ్వుతూ ఏడుస్తోంది.

“క్లచ్చు తొక్కి స్టార్ట్ చెయ్యి,” అన్నారు మాస్టారు. కాళ్ళు మాత్రం దించలేదు.