ఆరింటికి మెయిన్ దించాలి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మాయి ఊరందరికీ చెబుతుంది. నిజమే కాబట్టి నేనూ కాదనను. కానీ ఆ కోపం అల్లుడి ముందు చూపించడానికి వీల్లేదు కదా! పెళ్ళయి ఎనిమిది నెలలైంది. ఆయన వచ్చినప్పుడల్లా "రండి బాబూ, కూర్చోండి బాబూ" అంటూ నవ్వుతూనే ఉన్నాను. ఆయన వెళ్ళాక నాకు దవడలు నొప్పి.

నాది ఎంబ్రాయిడరీ పని. మేడ మీద ఇల్లు, కింద ఒక పెద్ద గది. ఆ గదిలో ఆరు సూదుల మెషీను, దాని పక్కన కంప్యూటరు. బొమ్మ నేను కాగితం మీద గీస్తాను, కంప్యూటర్లో దాన్ని కుట్లుగా మారుస్తాను, మెషీను కుడుతుంది. కర్టెన్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్ల జేబుల మీద పేర్లు. పందొమ్మిదేళ్ళలో నాలుగు వందల పన్నెండు డిజైన్లు చేశాను. అన్నీ ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు, ఉండనివ్వను కూడా.

ఎందుకంటే నాలుగేళ్ళ కిందట ఒక రిపేరు మనిషి వచ్చాడు. కంప్యూటర్ బాగుచేశాడు, మంచినీళ్ళు తాగాడు, నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. రెండు నెలలు తిరక్కుండా నా పిచ్చుక పక్కవీధి కొట్లో కర్టెన్ మీద ప్రత్యక్షమైంది. ఒంటికాలి మీద నిలబడి, తల వెనక్కి తిప్పి వీపు గోక్కునే పిచ్చుక. ఏ పిచ్చుకా అలా నిలబడదని మా ఆయన అప్పట్లోనే నవ్వారు, కాబట్టి అది నాదేననడానికి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆ కొట్టు ముందు నిలబడి నేను తిట్టిన తిట్లకు వీధి వీధంతా బయటికొచ్చింది. ఏం లాభం? పోయింది పోయినట్టే. ఆనాటి నుంచి నా కంప్యూటర్‌ను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

అలాంటిది, పోయిన నెల ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియోలో కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. ఫోటోలన్నిటికీ తాళం పడిపోయింది. స్టూడియో ఆయన మెట్ల మీద తలపట్టుకుని కూర్చున్న సంగతి నేనే నోరు జారి మా అమ్మాయికి ఫోన్లో చెప్పాను.

"అమ్మా, నువ్వు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎక్కిస్తున్నావా?" అంది.

"అది రోజూ అడుగుతూనే ఉంటుందే. తర్వాత అని నొక్కుతుంటాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"అప్పటికి నువ్వు కాలేజీలో చేరావా?" అన్నాను.

ఆయన్ని పంపిస్తానుండు అని ఫోన్ పెట్టేసింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ దాటగానే అల్లుడు దిగాడు. ఆయనకు ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం.

వచ్చీ రాగానే జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "ముందు మీ డిజైన్లు ఒక కాపీ తీసి పెడతాను అత్తయ్యా. మధ్యలో ఏదైనా తేడా వస్తే ఇబ్బంది లేకుండా."

నా ఒళ్ళు భగ్గుమంది. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది. "వద్దు బాబూ."

"రెండు నిమిషాల పని అత్తయ్యా."

"కాపీలు మాకు అచ్చిరావు బాబూ."

ఆయన నా వంక చూశాడు, పెన్‌డ్రైవ్ వంక చూశాడు, తిరిగి జేబులో వేసుకున్నాడు. అత్తగారితో వాదించే రకం కాదు. వాదించి ఉంటే బాగుండేది.

కంప్యూటర్ తెరిచి కాసేపు ఏవో చూశాడు. మీరు తర్వాత అని నొక్కినా అది ఊరుకోలేదు అత్తయ్యా, దానంతటదే అప్‌డేట్లు తెచ్చుకుంది, కానీ ఒక్కటీ ఎక్కలేదు అన్నాడు. ప్రతిసారీ సగం ఎక్కి, మర్నాడు పొద్దున దిగిపోయిందట.

"మీరు సరిగ్గా షట్‌డౌన్ చేస్తారు కదా?"

"చెయ్యకేం? రోజూ బుద్ధిగా షట్‌డౌన్ నొక్కే లేస్తాను."

"మరి ఇక్కడ రోజూ ఆరింటికి కరెంటు పోతుందా?"

"మా వీధిలో కరెంటు పోనే పోదు బాబూ," అన్నాను గొప్పగా.

ఆయన బల్ల కిందికి దూరి ప్లగ్గు ఊపి చూశాడు, వైరు మార్చాడు. బయటికొచ్చేసరికి జుట్టునిండా దారం పీచు. పాపం, ఆ ప్లగ్గు తప్పేమీ లేదు.

ఇక్కడ మా మామగారి సంగతి చెప్పాలి. ఈ గది ఒకప్పుడు ఆయన బట్టలు కుట్టిన గది. ఒకసారి ఇస్త్రీపెట్టె మరిచిపోయి మేడెక్కితే, గదిలో బట్టలు సగం మాడిపోయాయట. ఆనాటి నుంచి ఇంట్లో ఒకటే శాసనం, ఆరు కొట్టగానే గది మెయిన్ దించాలి. నేను కోడలిగా అడుగుపెట్టిన వారంలోనే ఆ పని నా చేతికొచ్చింది. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా, ఆరింటికి నా చెయ్యి ఆ పిడి మీదే ఉంటుంది.

అల్లుడు పాత ముక్కలన్నీ తుడిచేసి అప్‌డేట్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. స్క్రీన్ నీలంగా మారి, అంకెలు నింపాదిగా పెరగసాగాయి.

"వంద అయ్యేదాకా దీన్నెవరూ ముట్టుకోకూడదు అత్తయ్యా. మధ్యలో ఆగితే అసలు తెరుచుకోకపోవచ్చు," అన్నాడు. ఇంతలో మా అమ్మాయి ఫోన్ చేస్తే మాట్లాడుతూ వాకిట్లోకి వెళ్ళాడు.

నేను స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాను. మా ఆయన టీ ఇవ్వడానికి వస్తే, కంప్యూటర్ దరిదాపులకి రావద్దని గుమ్మంలోనే ఆపేశాను. డెబ్బై ఎనిమిది. ఎనభై ఒకటి. గడియారం ఆరు చూపించింది. లేచాను. మెషీన్ మీద గుడ్డ కప్పాను. కత్తెర్లు డబ్బాలో వేశాను. చెయ్యి పైకి లేచింది. మెయిన్ దించాను.

స్క్రీన్ నల్లగా అయిపోయింది.

"ఏమైంది అత్తయ్యా?" అంటూ అల్లుడు పరిగెత్తుకొచ్చాడు.

"కరెంటు పోయింది బాబూ," అన్నాను. ఇంత వయసొచ్చి అడ్డంగా అబద్ధమాడాను.

ఆయన కిటికీలోంచి చూశాడు. ఎదురుగా స్టూడియోలో లైట్లన్నీ వెలుగుతున్నాయి. తర్వాత నా చేతి వంక చూశాడు. అది ఇంకా పిడి మీదే ఉంది.

"రోజూ ఇంతేనా అత్తయ్యా?"

"రోజూ ఇంతే."

"షట్‌డౌన్ నొక్కిన వెంటనేనా?"

"స్క్రీన్ మీద ఏదో గుండ్రంగా తిరుగుతుంటుంది. ఆపొద్దని కూడా రాసుంటుంది. నేను దాన్ని ఆపలేదు బాబూ. మెయిన్ దించానంతే."

ఆయన పెదాలు బిగబట్టుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. షట్‌డౌన్ నొక్కాకే అప్‌డేట్ ఎక్కడం మొదలవుతుందని, నేను రోజూ దాన్ని సగం మెట్ల మీది నుంచి కిందికి తోసేస్తున్నానని మెల్లగా చెప్పాడు. మెయిన్ ఎత్తాడు. లైట్లొచ్చాయి. కంప్యూటర్ బటన్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది.

ఐదు నిమిషాలు. పది నిమిషాలు. ఆ రిపేరు వెధవ తీసుకెళ్ళింది ఒక్క పిచ్చుకని. నేను నాలుగు వందల పన్నెండింటినీ నా చేత్తోనే తుడిచిపెట్టాను. రెండు నిమిషాల పని అని ఆయన ఎంత మర్యాదగా చెప్పాడు! కాపీ ఒక్కటుంటే ఈ పాటికి నవ్వుకుంటూ టీ తాగేవాళ్ళం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను ముందే చెప్పాను కదా" అని ఆయన ఒక్క మాట అనలేదు. నేల మీద కూర్చుని, "పోతే మళ్ళీ గీద్దాం అత్తయ్యా," అన్నాడు ఓదార్పుగా.

ఎనిమిది నెలలుగా ఆపుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. "గీద్దామా? పందొమ్మిదేళ్ళు కూర్చుని గీద్దామా? మీ మొహం! ముందు ఆ నేల మీంచి లేవండి, ప్యాంటుకి దారాలంటుకుంటున్నాయి!"

అని నాలిక్కరుచుకున్నాను. ఆయన మాత్రం పగలబడి నవ్వాడు. "హమ్మయ్య! నన్నింకా తిట్టలేదేంటా అని దిగులుపడుతున్నాను," అన్నాడు.

ఆ నవ్వులో ఇద్దరం స్క్రీన్ చూడనే లేదు. అది వెలిగింది. మార్పులు వెనక్కి తీస్తున్నానంది, ఇంకో పావుగంట చంపుకుతింది, చివరికి తెరుచుకుంది. డిజైన్ల ఫోల్డర్ నొక్కాను. నాలుగు వందల పన్నెండు. అన్నీ ఉన్నాయి. నా ప్రాణం లేచొచ్చింది.

"ఆ పెన్‌డ్రైవ్ తియ్యండి బాబూ," అన్నాను. "అప్‌డేట్ సంగతి తర్వాత."

కాపీ అయ్యాకే మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి నేను నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏడున్నరకి వంద అయింది. రేపటి నుంచి షట్‌డౌన్ నొక్కి, స్క్రీన్ పూర్తిగా చీకటయ్యాకే మెయిన్ దించమన్నాడు. మామగారి శాసనానికి అరగంట గడువు ఇవ్వడంలో తప్పేం లేదనిపించింది.

ఆయన పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టబోయాడు. "మీ బీరువాలో దాచుకోండి అత్తయ్యా."

"కంప్యూటరూ ఈ ఇంట్లోనే, కాపీ ఈ ఇంట్లోనేనా? ఈ గది ఒకసారి కాలింది బాబూ. మీ దగ్గర ఉంచండి."

"నా దగ్గరా?" ఆయన మొహంలో నవ్వు పోయింది. పెన్‌డ్రైవ్ చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి తడిమి చూసుకున్నాడు. గుమ్మం దాటేలోపు మళ్ళీ తడుముకున్నాడు.

"ఇంటికి చేరగానే ఫోన్ చెయ్యండి," అన్నాను.

"చేరానని చెబుతాను అత్తయ్యా."

"మీ సంగతి మా అమ్మాయి చూసుకుంటుంది. అవి చేరాయో లేదో చెప్పండి."

ముప్పావుగంటకు ఫోన్ మోగింది. "అన్నీ చేరాయి అత్తయ్యా. ఇద్దరం ఒక్కొక్కటే తెరిచి చూస్తున్నాం. మీ అమ్మాయేమో ఏడుస్తోంది."

"ఎందుకూ? ఏమైనా పాడయ్యాయా?"

"అదేం కాదు. వీటిలో సగం తను ఎప్పుడూ చూడనే లేదట. మా అమ్మ ఇన్ని చేసిందా అని."

దొంగల కంట పడకూడదని దాచాను, బాగానే ఉంది. కన్నకూతురి కంట కూడా పడనివ్వలేదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఎప్పుడు కిందికొచ్చినా "ముట్టుకోకు, పో" అనేదాన్ని.

"ఫోన్ దానికివ్వండి బాబూ," అన్నాను.

ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చింది. "అమ్మా, ఇక్కడో ఏనుగుంది, గొడుగు పట్టుకుని. ఇదెవరి కోసం చేశావే?"

"అదా? అది నీ కోసమేనే. నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు వానలో తడిసొచ్చి..." అంటూ మెట్టు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.