నీళ్ళ తొట్టి లేని దీపం

మా అత్త చెల్లమ్మ పట్నంలో, వాషర్‌మెన్‌పేట్‌లో పుట్టి పెరిగిన మనిషి. వేరుశనగంటే ఆమెకు బీచ్‌లో పొట్లం కట్టి అమ్మే సరుకు, అంతే. రెడ్‌హిల్స్ అవతల వాళ్ళకున్న అరెకరం ఏళ్ళ తరబడి బీడు పడి ఉంటే, మదనపల్లె నుంచి కోడలిగా వచ్చిన నేను పట్టుబట్టి, బోరు నీళ్ళతో వేరుశనగ వేశాను. నా చేత్తో వేసిన మొదటి పంట. పైగా నాకు ఏడో నెల.

మంచి వాన పడ్డ సాయంత్రం ఆకు తినే గొంగళి పురుగులకు తల్లులైన రెక్కల పురుగులు నేలలోంచి లేస్తాయి. పొలంలో దీపం పెట్టి, కింద కిరోసిన్ కలిపిన నీళ్ళ తొట్టి ఉంచితే, వెలుగుకొచ్చి అందులో పడి చస్తాయి. వానలో గట్ల మీద తిరగొద్దని డాక్టరమ్మ చెప్పడంతో ఆ పని అత్తకు అప్పజెప్పాను.

వాన పడ్డ సాయంత్రం ఆమె వెళ్ళి దీపం పెట్టి వచ్చింది. మర్నాడు ఇద్దరం ఆటోలో వెళ్ళాం. బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. తొట్టి మాత్రం గట్టు మీద బోర్లించి ఉంది. దీపం చుట్టుపక్కల ఏ ఆకు తిప్పినా అడుగున గసగసాల్లా గుడ్లు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “తొట్టి ఎందుకు తీస్తివి అత్తా? దీపం పెట్టి పిలిచి మరీ గుడ్లు పెట్టిస్తివే! అవి పగిల్తే ఒక్క ఆకు మిగల్దు.”

అత్త కొంగు నలుపుకుంటూ నిలబడింది. “కడుపుతో ఉండే బిడ్డ ఇంట్లో ఉంటే పురుగును కూడా చంపకూడదు గదమ్మే. అవి నీళ్ళల్లో కొట్టుకుంటా ఉంటే మనసొప్పలా. దీపం ఆర్పొద్దంటివి, అందుకే ఆర్పలా.”

ఇంకేం తిట్టను? పగలకముందే ఆ ఆకులు తుంచేస్తే పంట దక్కుతుందని చెప్పి వంగబోయాను. చప్పున చెయ్యి పట్టుకుని ఆపింది.

“నువ్వు ముట్టుకోమాకు. ఆడ నిల్చోని చూపించు, చాలు. పాపమంటే నాకే రానీ.”

బల్లిని చూస్తే వీధంతా వినబడేలా కేకలు పెట్టే మనిషి! పొద్దెక్కేదాకా, నేను వేలు చూపిన మొక్క దగ్గరల్లా వంగి, ఆకు తుంచి, “మన్నిచ్చుక్కో సామీ” అని దానికి క్షమాపణ చెప్పి మరీ, మళ్ళీ కిరోసిన్ నీళ్ళు నింపిన తొట్టిలో వేసింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంత ప్రేమ మీద అరిచానే అనిపించింది.

చివరి సాలు అయ్యేసరికి బిడ్డ గట్టిగా తన్నింది. “అత్తా, ఇట్రా! చూడు” అన్నాను. రోజూ ఆ మాటకి పరిగెత్తుకొచ్చే మనిషి చేతులు వెనక్కి దాచుకుంది.

“వద్దమ్మే. ఈ చేత్తోనా?”

మట్టీ కిరోసినూ అంటిన ఆ చేతిని లాక్కుని కడుపు మీద పెట్టుకున్నాను.

“ఈ చేత్తోనే, అత్తా.”